కొండ మీది తొట్లు

విశాఖపట్నం నుంచి భీమిలి వైపు సముద్రం వెంట వెళ్తుంటే రెండు కొండల పేర్లు మనసులో నిలిచిపోతాయి: తొట్లకొండ, బావికొండ. రెండు వేల ఏళ్ల కిందట ఈ రెంటి మీదా బౌద్ధ భిక్షువులు నివసించారు. స్తూపాలు కట్టించారు, గదుల్లో ధ్యానం చేశారు, వానాకాలం గడిపారు. ఆ సంగతి తరాలు మారేకొద్దీ జనానికి గుర్తు లేకుండా పోయింది. 1970లలో నౌకాదళం సర్వే చేసినప్పుడు తొట్లకొండ శిథిలాలు బయటపడ్డాయి, 1988 నుంచి రాష్ట్ర పురావస్తు శాఖ అక్కడ తవ్వకాలు జరిపింది. అయితే కొండ కింది జనం ఈ మధ్యకాలమంతా ఒక్కటి మాత్రం మరవలేదు. రాతిని తొలిచి చేసిన నీటి తొట్లను చూస్తూ కొండను ఆ పేరుతోనే పిలిచారు. బుద్ధుడి పేరు పోయినా నీళ్ల పేరు నిలిచింది. (అనకాపల్లి దగ్గరి శంకరం అనే ఊరు మాత్రం బౌద్ధ విహారాన్ని సూచించే సంఘారామం అన్న మాటను తన పేరులో దాచుకుంది.) ప్రకృతి ఒడిలో ఏకాంతం గురించి మనకున్న ఊహలను సరిదిద్దగల ఆధారం ఆ తొట్లలోనే ఉందని నా నమ్మకం.

ఇవాళ ధ్యానానికో చికిత్సకో ఊరికి దూరంగా వెళ్లాలనుకునేవారికి కొండ, చెట్టు, కెరటాల చప్పుడు ఉంటే చాలు, మిగతాది ప్రకృతే చూసుకుంటుందనిపిస్తుంది. ఆ అలవాటుకు ఆద్యులైనవాళ్లు అలా అనుకోలేదు. భిక్షువుల నియమాలను చెప్పే బౌద్ధ గ్రంథం వినయపిటకం ప్రకారం వర్షావాసం పుట్టింది అడవి మీద మోజుతో కాదు, జనం పెట్టిన ఫిర్యాదుతో. వానల్లో కూడా తిరుగుతూ పచ్చగడ్డినీ చిన్నచిన్న ప్రాణులనూ తొక్కేస్తున్నారని లోకం తప్పుపట్టింది. దాంతో ఆషాఢ పున్నమి దాటాక మూడు నెలలు ఒకేచోట ఉండాలన్న నియమం వచ్చింది. మగధ రాజు బింబిసారుడు వేణువనాన్ని బుద్ధుడికి దానం చేసేముందు ఎలాంటి చోటు కావాలని ఆలోచించాడో కూడా ఆ గ్రంథమే చెబుతుంది: ఊరికి మరీ దూరం కాకూడదు, మరీ దగ్గరా కాకూడదు, వచ్చిపోయేవారికి వీలుగా ఉండాలి, పగలు రద్దీ, రాత్రి చప్పుడు ఉండకూడదు. రోజూ మధ్యాహ్నంలోపు భిక్ష దొరకాలంటే ఊరు నడిచి వెళ్లేంత దూరంలో ఉండక తప్పదు. అంటే ఏకాంతానికి మొదటి కొలత ఊరే.

రెండో కొలత నీళ్లు. తొట్లకొండ మీద అది రాతిలో కనిపిస్తుంది. కొండ ఎత్తు 128 మీటర్లు. పైన ఏరు లేదు, ఊట లేదు. మహాస్తూపం, చైత్యగృహాలు, వరుస గదుల విహారాలు, స్తంభాల మండపం, వంటశాల, భోజనశాల, మురుగు పోయే కాలువలు ఇవన్నీ ఉన్నా, నీళ్లు లేకపోతే పది రోజులు కూడా నిలవలేని చోటు అది. అందుకే పదకొండు తొట్లు తొలిచారు. వర్షావాసం జరిగే నెలలే ఈ తీరంలో నైరుతి వానలు పడే నెలలు. భిక్షువులు కదలకుండా కూర్చునే కాలంలోనే తొట్లు నిండుతాయి. ఆశ్వయుజంలో వాసం ముగిశాక వచ్చే తుపాను వానలు మిగతా లోటు తీరుస్తాయి. ఆ నీటితోనే ఎండాకాలం గడవాలి. దగ్గరలోని పావురాళ్లకొండ మీద కూడా ఇలాంటి తొట్లు ఉన్నాయి కాబట్టి ఇది ఒక్కచోటి ఉపాయం కాదు, ఈ తీరంలో స్థిరపడిన పద్ధతి. ఆ రాతిని ఉలితో తొలిచినవాళ్ల పేర్లు మనకు అందలేదు. ధ్యానం గురించి ఎన్ని మాటలు చెప్పుకున్నా, ఆ చెమట లేకుండా కొండ మీద ఒక్క శ్వాస మీదైనా మనసు నిలిచేది కాదు.

దీనికి ఒక అభ్యంతరం వినిపిస్తుంది. తొట్లకొండలో శాతవాహనుల నాణేలూ రోమన్ నాణేలూ దొరికాయి. కింద తీరం, ఓడల రాకపోకలు. అలాంటప్పుడు ఇది ఏకాంత స్థలం ఎలా అవుతుంది, వర్తకుల మజిలీ అనాలి కదా అని. నాణేలు దొరకడం నిజం. కానీ డబ్బు తాకగానే సాధన చెడిపోతుందన్న లెక్క మనది, వాళ్లది కాదు. సముద్రం దాటి క్షేమంగా వచ్చినవాడు స్తూపానికి కానుక ఇస్తే, ఆ కానుకే భిక్షువుకు కట్టుకునే చీవరమో గది కప్పుకు పెంకో అవుతుంది. కొండెక్కి గదిలో కూర్చున్నవాడి మౌనాన్ని కింద బేరం చేసినవాడు పోషించాడు. నా దృష్టిలో ఇది లోపం కాదు, ఆ వ్యవస్థ నడిచిన తీరే అది.

స్వస్థత మాటకొస్తే ఆధారాలు ఇంకా నేల మీదివే. వినయపిటకంలో మందులకు ఒక అధ్యాయమే కేటాయించారు: నెయ్యి, వెన్న, నూనె, తేనె, బెల్లపు పాకం మొదలుకొని వేళ్లూ ఆకులూ, చెమట పట్టించే చికిత్సలూ దాకా. విరేచనాలతో తన మలమూత్రాల్లోనే పడివున్న భిక్షువును బుద్ధుడు శిష్యుడు ఆనందుడితో కలిసి స్వయంగా కడిగి, రోగికి సేవ చేయడం తనకు సేవ చేయడమేనని చెప్పిన కథ కూడా వినయపిటకంలోదే. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండ మీద అశోకుడు చెక్కించిన రెండవ శాసనం మనుషులకూ పశువులకూ వైద్యం, మూలికల పెంపకం, దారిపక్క బావులు అన్నిటినీ ఒకే వరుసలో చెబుతుంది. మందునూ నీటినీ ఆయన విడదీయలేదు. ఇక నాగార్జునకొండ విహారంలో దొరికిన రాతి మీద ‘విగతజ్వరాలయం’ అన్న మాట ఉంది, జ్వరం విడిచే చోటన్నమాట. ఒక్క మాటను పట్టుకుని అదొక ప్రజా వైద్యశాల అనడం తొందరపాటన్న జాగ్రత్త న్యాయమే. అది భిక్షువుల కోసమే అయివుండవచ్చు. అయినా నేను చెప్పదలచినది చెడదు. కొండగాలికి జ్వరం దానంతటదే తగ్గుతుందని వాళ్లు వదిలేయలేదు, రోగికి ఒక గది కట్టారు, దానికి పేరు పెట్టారు.

ఈ ఖర్చు ఎవరు భరించారన్నది కూడా నాగార్జునకొండే చెబుతుంది. 3వ శతాబ్దంలో అక్కడ ఇక్ష్వాకుల రాజధానిగా ఉన్న విజయపురిలో విహారాలకు పెద్ద దాతలు రాజవంశపు స్త్రీలు, ఉపాసికలు అనే గృహస్థ భక్తురాళ్లు. ఇవాళ గోయెంకా పరంపరలోని విపశ్యన కేంద్రాలు పది రోజుల శిబిరాలకు రుసుము తీసుకోకుండా పూర్వ సాధకుల దానంతో నడవడంలో ఆ పాత పద్ధతి ఛాయ ఉంది. సముద్రం కనిపించే గదికి ఎక్కువ ధర కట్టే విడిదికి ఆ వారసత్వం వర్తించదని నిర్మొహమాటంగా అనవలసిందే. మళ్లీ నాగార్జునకొండకు వస్తే, 1955లో నాగార్జునసాగర్‌ ఆనకట్టకు శంకుస్థాపన జరిగింది, ఆ తర్వాత ఆ కొండ చుట్టూ ఉన్న లోయ మునిగింది, తరలించి దాచినవే ఇప్పుడు దీవి మీద ఉన్నాయి. వాటిలో ఉపాసిక బోధిసిరి శాసనం నాకు అన్నిటికన్నా విలువైనది. సింహళ భిక్షువుల కోసం చుళధమ్మగిరి మీద చైత్యగృహం కట్టించి, ఆ పుణ్యంలో తన చుట్టాలందరికీ వాటా పంచిన ఆ ఇల్లాలు, ఇతర చోట్ల తాను చేయించిన పనులనూ ఒక్కొక్కటే చెక్కించింది. పూర్వశైలం అనే చోట చేయించినవాటి దగ్గరికి వచ్చేసరికి ఆమె మండపంతో పాటు ఒక చెరువును కూడా లెక్కలో రాయించింది.