ముచుకుందానది – జీవనదీ శబ్దవిచారము

ఏడాది పొడవున ఎండక పాఱు నదిని జీవనది యనుట మన భాషలో రూఢి. సంస్కృతమున జీవన శబ్దమునకు నీరనియు, బ్రతుకనియు రెండర్థములు గలవు. ఈ రెండును విడివడినపుడు నది గతి యేమగునో హైదరాబాదు నడుమ పాఱు మూసీనది, అనగా ముచుకుంద, తెలుపుచున్నది.

వికారాబాదు చెంతనున్న అనంతగిరి యీ నదికి జన్మస్థానము. దేవాసురయుద్ధమున అలసి నిద్రించిన ముచుకుందుడు కాలయవనుని చూపుతోనే భస్మము చేసిన కథను స్థలపురాణము ఈ కొండకు ముడిపెట్టినది. వాడపల్లి యొద్ద నది కృష్ణలో కలియును. పుట్టినచోట అనంతపద్మనాభస్వామి యాలయము, కలిసినచోట అగస్త్యేశ్వరాలయము నుండుటచే ఆద్యంతములు రెండును పుణ్యక్షేత్రములే.

గంగకువలె దక్షిణాపథ నదులకు మంచునీరు లేదు, వానలే యాధారము. మూసీయు వర్షర్తువున పొంగి, వేసవిని సన్నగిల్లు నదియే. దానిని దాటుటకు 1578లో ఇబ్రహీం కుతుబ్ షా పురానాపూల్ కట్టించెను. 1591లో దక్షిణపుటొడ్డున నగరము వెలసెను. 1908 సెప్టెంబరు 28 నాటి వఱద వేలమందిని పొట్టబెట్టుకొనెను. పిమ్మట మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనల ననుసరించి ఉస్మాన్ సాగరము (1920), హిమాయత్ సాగరము (1927) నిర్మితములయ్యెను. నగరమునకు రక్షణయు త్రాగునీరును లభించెను; కాని కట్టల దిగువ నదికి, గేట్లెత్తిన దినములలో దక్క, ఎగువ నీరు కఱవయ్యెను.

ఆ లోటును నగరపు మురుగు పూరించెను. 1562 నాటి హుస్సేన్ సాగరపు మిగులునీటి కాలువ అశోక్ నగరము, బాగ్ లింగంపల్లి ప్రక్కలనుండి మూసీని చేరును. 2000 ఆగస్టు వఱదలో పొంగి యొడ్డు వాడలను ముంచిన యీ కాలువ, వానలేని నాళ్ళలో మురుగునే మోయుచున్నది. ఇట్టి కాలువలచే మూసీ నేడు మండువేసవిలోనైన ఎండదు. నిఘంటువు ననుసరించినచో ఇది జీవనదియే!

కాని ఎగువ జలాశయములకు శీతకాలమున వలసపక్షులు వచ్చుచుండగా, నగరమధ్యమున నీటిలో ప్రాణవాయువు తఱిగి చేపలు మనుటయే దుర్లభమైనది. గుర్రపుడెక్క మాత్రము దట్టముగా పెరుగుచున్నది. దిగువ గ్రామముల రైతులు ఈ నీటితోనే వరియు, పశుగ్రాసమును పండించుకొనుచున్నారు. కావున మురుగును మఱియొకచోటికి మళ్ళించినంతనే సమస్య తీఱదు. అట్లయిన వారి పొలములెండును. నీటిని శుద్ధిచేసి నదికే విడువవలెను. ప్రవాహముతోపాటు ప్రాణికోటి కూడ నిలిచిన నాడే ముచుకుందకు జీవనది యను పేరు సార్థకమగును.