మిగతా కథ వెండితెరపై

ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు. నవ్వునూ మర్మాన్నీ ఒకే కథలో ఇమిడ్చిన ఘనత మాత్రం మన పాత చిత్రాలకుంది. అందుకు నాకు తోచే మేలైన ఉదాహరణ 1955 జనవరి 12న విడుదలైన విజయావారి ‘మిస్సమ్మ’.

ఎల్.వి. ప్రసాద్ దర్శకత్వం వహించిన ఈ చిత్రానికి రవీంద్రనాథ్ మైత్ర బెంగాలీ నాటకం ‘మన్మయీ గర్ల్స్ స్కూల్’, శరదిందు బందోపాధ్యాయ రచన ‘డిటెక్టివ్’ మూలాలు. చిన్ననాడు తప్పిపోయిన జమీందారు బిడ్డ మహాలక్ష్మి ఎవరో ప్రేక్షకుడు ముందే పసిగడతాడు. తేల్చుకోలేక తిప్పలు పడేది అపరాధ పరిశోధకుడినని చెప్పుకొనే రాజు. ‘దేవదాసు’ (1953)తో విషాదనాయకుడిగా ముద్రపడిన అక్కినేని కోరి ఆ హాస్యపాత్ర ధరించారు. దానినే తమిళంలో కె.ఎ. తంగవేలు, 1957 నాటి హిందీ ‘మిస్ మేరీ’లో కిశోర్ కుమార్ పోషించారు.

రహస్యం తెలిసిపోతే మర్మకథ చప్పబడుతుంది. కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్ నవలలను నేను ఒక్కొక్కసారే చదివాను; ‘మిస్సమ్మ’ను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. మనకు తెలిసినది రాజుకు ఎప్పుడు తెలుస్తుందా అన్న ఉబలాటం ఎన్నిసార్లు చూసినా తీరదు.

నల్లమల అంచున అమ్రాబాదులో పెరిగిన నాబోటి వారికి సినిమాకన్న ముందు పాటల పుస్తకం చేతికందేది. అందులోని కథాసంగ్రహం సరిగ్గా చిక్కుముడి దగ్గర ఆగి, మిగతాది వెండితెరపై చూడమనేది. అట్టి పుస్తకాలు దాచుకొనేవారిని చూసి లోకం నవ్వింది. కాని పాత కాగితం విలువ తక్కువది కాదు. తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ 1931 సెప్టెంబరు 15న విడుదలైందని దశాబ్దాలపాటు నమ్మాం. అది 1932 ఫిబ్రవరి 6 అని పాత కాగితాలు గాలించి నిరూపించినవారు రెంటాల జయదేవ.

పుణెలో జాతీయ చలనచిత్ర భాండాగారం 1964లో గాని ఏర్పడలేదు. అప్పటికే ఎన్నో పాత ఫిల్ములు నిప్పుకు ఆహుతయ్యాయి. మరికొన్నిటిని అందులోని వెండి కోసం కరిగించారు. అలా పోయిన మర్మచిత్రానికి పాటల పుస్తకమొక్కటే మిగిలితే, మన చేతిలో ఉన్నది చిక్కుముడి మాత్రమే. దానిని విప్పిన వెండితెర లేదు.

కనుక ఒక మనవి. మీ ఇంటి అటకమీద అట్టి పుస్తకం కనబడితే చిత్తుకాగితాలలో వేయకండి. ఆ చిత్రం చూసిన పెద్దవారు ఇంట ఉంటే, మిగతా కథ అడిగి, కథాసంగ్రహం ఆగినచోటనే వ్రాసిపెట్టండి.