పరపుర ప్రవేశం

1934లో, పారిస్‌లో, ఇరవై ఒక్క ఏళ్ళ అమృతా షేర్‌గిల్ తన బొమ్మ తానే వేసుకుంది. అదేమీ కొత్త కాదు. అప్పటికే ఆమె తనను తాను ఎన్నోసార్లు చిత్రించుకుని ఉంది, నవ్వుతూ ఒకసారి, ఈజిల్ ముందు నిలబడి మరొకసారి. కానీ ఈ బొమ్మ వాటి వరసలోది కాదు. నడుముకు చుట్టిన తెల్లని గుడ్డ తప్ప ఒంటిమీద వస్త్రం లేదు. జుట్టు వెనక్కి లాగి బిగించి కట్టింది. చేతులు కిందికి దించి ముందుకు కలుపుకుంది. చూపు మనవైపు లేదు, పటం అంచు దాటి ఎటో పోతోంది. వెనక జపాను పద్ధతిని గుర్తుకు తెచ్చే మనుషుల బొమ్మలు లీలగా ఉన్నాయి. వాటికీ ఆమెకూ నడుమ, ఆమె దేహాన్ని దాదాపు చుట్టుకున్నట్టుగా, ఒక మగవాడి నీడ.

ఆ చిత్రం పేరు ‘తాహితీ స్త్రీగా ఆత్మచిత్రం’. అమృత ఎన్నడూ తాహితీ దీవికి వెళ్ళలేదు. తండ్రి ఉమ్రావ్ సింగ్ పంజాబులో మజీఠియా వంశపు సిక్కు ప్రభువు. సంస్కృత, పారశీకాలు చదువుకున్నవాడు. తల్లి మేరీ ఆంత్వానెత్ హంగరీ దేశపు గాయని. అమృత 1913లో బుడాపెస్టులో పుట్టి, 1921 నుంచి సిమ్లాలో పెరిగి, 1929లో చిత్రకళ కోసం పారిస్ చేరింది. ఆమెకు తెలిసిన తాహితీ అంతా పాల్ గోగాఁ పటాల్లోనిదే.

ఈ బొమ్మను చూడగానే కొందరు అనే మాట ఒకటుంది: గోగాఁకు అనుకరణ. మనకీ మాట కొత్తదేమీ కాదు. శ్రీహర్షుని నైషధాన్ని తెలుగు చేసిన శ్రీనాథుణ్ణి, నీ డుమువులు నువ్వు తీసుకుని మా నైషధం మాకిచ్చెయ్యమని పండితులు వెక్కిరించారన్న కథ మనలో చాలామంది విన్నదే. కథ నిజమైనా కాకపోయినా, ఆ వెక్కిరింపు మాత్రం ఇప్పటికీ సజీవంగానే ఉంది.

అయితే అరువు తెచ్చుకోవడంలోని తారతమ్యాలను మన ఆలంకారికులు ఎంత ఓపికగా విడదీశారో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకం చివరి ఉద్యోతంలో ఒక కవి మాటకూ మరొక కవి మాటకూ కుదిరే పోలిక మూడు విధాలన్నాడు. అద్దంలోని ప్రతిబింబం వంటిది ఒకటి. దానికి సొంత ఆత్మ లేదు. మనిషిని చూసి గీసిన బొమ్మ వంటిది ఇంకొకటి. ఉన్నా అది అల్పం. మూడవది ఒకే పోలికతో పుట్టిన ఇద్దరు మనుషుల వంటిది. పోలిక ఉన్నా ఎవరి ప్రాణం వారిదే కనుక దానికి దోషం లేదు. తరువాత వచ్చిన రాజశేఖరుడు కావ్యమీమాంసలో నాలుగవది చేర్చాడు: పరపురప్రవేశ సదృశం. మూలం ఒక్కటే, కానీ దాని చుట్టూ అల్లిన సామగ్రి అంతా వేరు. పురమంటే ఇక్కడ శరీరమే. విక్రమార్కుడి కథలు చదువుకున్నవాళ్ళం, పరకాయ ప్రవేశమంటే మనకు వేరే చెప్పనక్కర్లేదు.

షేర్‌గిల్ చేసింది ఆ నాలుగవదే అని నాకనిపిస్తుంది. అదీ ఉపమానంగా కాదు, ఉన్నదున్నట్టుగా. గోగాఁ గీసిన శరీరంలోకి ఆమె ప్రవేశించింది.

ఇంతకీ ఇతరుల వేషంలో తన బొమ్మ వేసుకోవడం గోగాఁకే బాగా అలవాటు. 1888లో అతడు వాన్ గోకు పంపిన ఆత్మచిత్రంలో తనను హ్యూగో నవలలోని జాఁ వల్జాఁగా ఊహించుకున్నాడు. మరుసటి ఏడు ఆలివ్ తోటలోని క్రీస్తుకు తన ముఖం పెట్టాడు. వాన్ గో కూడా తక్కువ తినలేదు. అదే 1888లో గోగాఁకు కానుకగా వేసిన ఆత్మచిత్రంలో తల గొరిగించుకుని, కళ్ళు కొంచెం ఏటవాలు చేసుకుని, బుద్ధుణ్ణి కొలిచే జపాను భిక్షువుగా మారిపోయాడు. అతడూ జపాను చూడలేదు. అచ్చు బొమ్మలు చూశాడు, పియేర్ లోతీ నవల చదివాడు. ఖైదీ, క్రీస్తు, భిక్షువు: ఈ మగవాళ్ళు ఎంచుకున్న వేషాలన్నీ లోకం అర్థం చేసుకోని మహానుభావులవే. తాహితీ స్త్రీ వేషం వాళ్ళలో ఎవరూ కట్టలేదు. ఆమె వాళ్ళకు వేషం కాదు, ఎదురుగా కూర్చోబెట్టి గీసుకునే వస్తువు.

గోగాఁ 1891లో తాహితీ చేరేసరికి అక్కడ ఫ్రెంచి పరిపాలన నడుస్తోంది. మిషనరీల పుణ్యమా అని ఆడవాళ్ళు మెడ నుంచి పాదాల దాకా గౌన్లు తొడుక్కుంటున్నారు. తాను కలగన్న ఆదిమ స్వర్గం కనిపించక దాన్ని పటం మీద కల్పించుకున్నాడు. అక్కడ అతడు కాపురం పెట్టిన తేహామనకు పదమూడేళ్ళు ఉంటాయంటారు. ఇక్కడ ఇంకో చిత్రమైన సంగతి ఉంది. ఆ తాహితీ స్త్రీల భంగిమలు కొన్ని తాహితీవి కావు. అతడు జావాలోని బోరోబుదూరు బౌద్ధశిల్పాల ఫొటోలు వెంట తీసుకుపోయాడు. ‘ఇయా ఒరానా మరియా’ అన్న చిత్రంలో చేతులు జోడించిన స్త్రీలు ఆ రాతిఫలకాల నుంచి నేరుగా నడిచి వచ్చినవాళ్ళే. భారతీయ శిల్పసంప్రదాయం సముద్రం దాటి జావాకు, జావా నుంచి ఫొటోగా గోగాఁ సంచిలోకి, అక్కడ నుంచి తాహితీకి, తాహితీ నుంచి పారిస్‌కు, పారిస్‌లో ఒక సిక్కు పిల్ల చేతికి! ఎవరి అరువు ఎవరు తీర్చాలో తేల్చడం కష్టం.

నేను చిత్రకారుణ్ణి కాను, ఆదివారాలు రంగులతో కాలక్షేపం చేసేవాణ్ణి మాత్రమే. గండిపేట చెరువుకు కూతవేటు దూరంలో ఉంటాను. ఈ బొమ్మలో నాకు అందనిదేదో ఉందనిపించి, దాన్ని పట్టుకోవడానికి అదే భంగిమలో నా బొమ్మ నేను వేసుకుందామని ఒక వేసవిలో కూర్చున్నాను. చొక్కా విప్పి, లుంగీ బిగించి, వరండాలో అద్దం ముందు. మా అమ్మ చూసి, ‘కల్లుకుండ కూడా పెట్టుకోరా, సరిపోతుంది’ అంది. నా బొమ్మ సంగతి అలా ఉంచండి. కుంచె పట్టుకున్నాక తెలిసిన విషయాలు రెండు చెబుతాను.

మొదటిది చూపు. అద్దంలో చూసుకుంటూ వేసే బొమ్మలో కళ్ళు సూటిగా మనల్నే చూస్తాయి, ఎందుకంటే వేసేవాడు తన కళ్ళలోకే చూసుకుంటున్నాడు. ఆత్మచిత్రాన్ని మనం చప్పున గుర్తుపట్టేది ఆ చూపుతోనే. చూపు పక్కకు తిప్పాలంటే ఒక్క అద్దం చాలదు. రెండో అద్దమో, ఫొటోయో, ఊహో కావాలి. అంటే షేర్‌గిల్ అప్రయత్నంగా పక్కకు చూడలేదు. చిత్రకారిణి చూపును వదులుకుని, కావాలని, పనిగట్టుకుని మోడల్ చూపు తెచ్చుకుంది.

రెండవది నీడ. వెలుగు వెనక నుంచి వస్తుంటే, బొమ్మ వేసేవాడి నీడ ఎదురుగా కూర్చున్న మనిషి మీదా, ఆ వెనక గోడ మీదా పడుతుంది. కాబట్టి ఆ నీడ బొమ్మ వేసేవాడి చోటు నుంచి పడిన నీడ. అయితే ఇక్కడ బొమ్మ వేసేది ఆమే కదా! అయినా ఆ చోటును ఆమె మగవాడి ఆకారంతో నింపింది. అది గోగాఁ కావచ్చు, పారిస్ స్టూడియోల్లో దేశదేశాల ఆడపిల్లలను గీసే మగవాళ్ళందరూ కావచ్చు, పటం ముందు నిలబడిన నేనూ కావచ్చు. గోగాఁ పటాల్లో గోగాఁ నీడ ఎప్పుడూ పడదు. అతడు అక్కడ లేనట్టూ, ఆ స్త్రీలు తమంతట తామే అలా ఉన్నట్టూ మనకు చూపిస్తాడు. షేర్‌గిల్ ఆ కనిపించని మనిషిని పటంలోకి లాక్కొచ్చి గోడకు నిలబెట్టింది. అనుకరణ అన్న మాట ఇక్కడ నిలవదు.

అన్నట్టు ఆమె ఇంట్లో కెమెరా ముందు తన రూపాన్ని తానే పరీక్షించుకునే అలవాటు తండ్రి నుంచి ఉంది. ఉమ్రావ్ సింగ్ దశాబ్దాల పాటు తన ఫొటోలు తానే తీసుకున్నాడు, కొన్ని చొక్కా లేకుండా కూడా. మోడల్‌గా ఉంటూనే కర్తగా ఉండడమెలాగో ఆమె చిన్నప్పటి నుంచీ చూసిందే.

మెచ్చుకున్నాను గనుక మిగతాదీ చెప్పాలి. ఈ పరకాయ ప్రవేశంలో ఆ కాయం ఎవరిదో వారి మాట వినిపించదు. పారిస్ వాళ్ళ కళ్ళకు భారతీయురాలైనా తాహితీ స్త్రీ అయినా ఒక్కటే గోధుమరంగు అన్న ఎత్తిపొడుపు ఈ బొమ్మలో ఉందనుకుంటాను. కానీ ఎకోల్ దె బోజార్‌లో చదివి, 1933లో గ్రాఁ సలోఁ బంగారు పతకం అందుకున్న అమ్మాయి, ఆ వేషం కట్టి విప్పేయగలదు. తేహామనకు ఆ వీలు లేదు. షేర్‌గిల్ చిత్రం స్వేచ్ఛ గురించి గట్టిగానే మాట్లాడుతుంది, అయితే ఆ స్వేచ్ఛ చిత్రకారిణిది.

1934 చివర ఆమె భారతదేశం తిరిగి వచ్చేసింది. 1936-37 చలికాలంలో చిత్రకారుడు బరదా ఉకిల్‌తో కలిసి దక్షిణయాత్రకు బయలుదేరి, బొంబాయి, అజంతా, ఎల్లోరాల మీదుగా హైదరాబాదు చేరింది. మన కథ మన ఊరికి వచ్చేది ఇక్కడే.

అప్పట్లో అజంతా నిజాం రాజ్యంలోనిది. 1914లో ఏర్పడిన నిజాం పురావస్తు శాఖ, గులాం యజ్దానీ నేతృత్వంలో, 1920లో ఇటలీ నుంచి నిపుణులను రప్పించి ఆ కుడ్యచిత్రాలను రాలిపోకుండా నిలబెట్టింది. వాటి నకళ్ళు ఇప్పటికీ పబ్లిక్ గార్డెన్స్‌లోని మ్యూజియంలో చూడవచ్చు. ఆనందవర్ధనుడి లెక్కలో అవి ఆలేఖ్యప్రఖ్యాలు! షేర్‌గిల్ అయితే అజంతాను కళ్ళారా చూడకముందే, అందులో ఒక్క చిత్రం యూరపు పునరుజ్జీవన కళ మొత్తం కన్నా విలువైనదన్నంత దూరం పోయింది. అంత గొప్ప నిధిని కాపాడుతున్న రాజ్యపు రాజధానిలో ఆమె పటాలు ఎవరు కొంటారు? అందరి వేళ్ళూ చూపేది ఒక్కరినే: మూడవ సాలార్ జంగ్, నవాబ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్.

నవాబు ఆమె చిత్రాలను తెప్పించుకున్నాడు. తన సేకరణ చూపించి అభిప్రాయం అడిగాడు. లేటన్, వాట్స్, బూగెరో వంటివాళ్ళ బొమ్మల మీద ఇంత డబ్బెలా తగలేశారని ఆమె మొహమాటం లేకుండా అనేసిందని జీవితచరిత్రకారులు రాస్తారు. నవాబు కొంతకాలానికి చిత్రాలను కొనకుండానే తిప్పి పంపాడు. నవాబు మీద నాకు కోపం లేదు. 1876లో మొదటి సాలార్ జంగ్ రోము నుంచి తెచ్చిన మేలిముసుగు రెబెక్కాను మా తరం పిల్లలందరం నోరు తెరుచుకుని చూసినవాళ్ళమే. 1951 డిసెంబరు 16న నెహ్రూ తెరిచిన ఆ మ్యూజియం ఎంతమందికి కళ్ళిచ్చిందో లెక్కలేదు. కానీ పాలరాతిలో ముసుగు కింద ముఖం కనబడడమే గొప్ప కళ అనుకునే చోట, ముసుగు తీసేసి నీడను చూపించే మనిషికి చోటు దొరకలేదు.

1908 మూసీ వరద తరువాత విశ్వేశ్వరయ్య సలహాతో కట్టిన ఉస్మాన్ సాగర్ 1920లో పూర్తయింది. చెరువుకు ప్రభువు పేరు పెట్టినా జనం ఊరి పేరుతో గండిపేట అనే అంటారు. గండిపేట నీళ్ళు తాగినవాళ్ళు హైదరాబాదు వదలరని నానుడి. ఆ చలికాలంలో షేర్‌గిల్ తాగిన నీళ్ళూ బహుశా అవే. ఆమె మాత్రం వదిలిపోయింది, తిరువనంతపురానికీ, కన్యాకుమారికీ, కొచ్చికీ.

తిరిగి వెళ్ళాక 1937లో ‘పెళ్ళికూతురి అలంకరణ’, ‘బ్రహ్మచారులు’, ‘సంతకు వెళ్ళే దక్షిణాది పల్లెజనం’ అన్న మూడు పటాలు వేసింది. వాటిలో గోగాఁ ఎక్కడ ముగిసి అజంతా ఎక్కడ మొదలవుతుందో చెప్పడం నా వల్ల కాదు. 1941 డిసెంబరులో లాహోరులో చనిపోయేనాటికి ఆమెకు ఇరవై ఎనిమిదేళ్ళు. మన దామెర్ల రామారావు 1925లో పోయేనాటికి ఆ ఇరవై ఎనిమిదీ నిండనే లేదు. 1937లోనే వేసిన ఆమె ‘కథకురాలు’ 2023లో వేలంలో 61.8 కోట్ల రూపాయలకు అమ్ముడుపోయింది.

చెల్లెలు ఇందిర కొడుకు వివాన్ సుందరం 2001లో కుటుంబ ఫొటోలనూ ఆమె పటాలనూ కలిపి కొత్త చిత్రాలు కూర్చాడు. తాత తీసుకున్న తన ఫొటోలు, అత్యంత శ్రద్ధగా తయారైన ఆయన కూతురి ఫొటోలు, అన్నీ ఒకే చట్రంలో తారసపడతాయి. తాహితీ స్త్రీగా ఆమె వేసుకున్న పటం ఇప్పుడు ఢిల్లీలోని కిరణ్ నాడార్ మ్యూజియం సేకరణలో ఉంది. నా పటం మా వరండాలో గోడవైపు తిరిగి ఉంది. దాంట్లో నీడ ఇంకా వెయ్యలేదు. అది ఎవరిదై ఉండాలో తేలలేదు.