పర్లాకిమిడి మాస్టారు, మన సవర భాష



ఆగస్టు 29 వస్తే కాలేజీల్లో తెలుగు భాషా దినోత్సవం చేస్తారు. గిడుగు రామమూర్తి పంతులు గారి ఫొటోకి దండేసి, వాడుక భాష గురించి మాట్లాడతారు. సవర భాషకి ఆయన చేసింది ఒక్క ముక్కలో అయిపోద్ది. అందుకే మేం రాస్తున్నాం.

అప్పట్లో మన భావనపాడు తీరం, పర్లాకిమిడి రెండూ గంజాం జిల్లాలోవే. 1900లో ఇక్కడి నౌపడా నుంచి పర్లాకిమిడికి చిన్న రైలు కూడా వేశారు. ఆ పట్నంలో రాజావారి స్కూల్లో గిడుగు 1880లో మాస్టారుగా చేరారు. రెండు భాషలూ వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని సవర నేర్చుకున్నారు. సవరలో పుస్తకాలు రాశారు, సొంత డబ్బుతో బడి పెట్టారు. ప్రభుత్వం పారితోషికం ఇస్తానంటే, ఆ డబ్బుతో సవరలకి బడి పెట్టమన్నారు. 1931లో ఆయన రాసిన సవర వ్యాకరణం అచ్చయింది.

మాస్టారే ముందు కూర్చుని పిల్లల భాష నేర్చుకోవడం, మాకు అన్నిటికంటే పెద్ద సంగతి. మా దగ్గర ఉల్టా. పట్నం హైస్కూల్లో మేం సవర మాట్లాడితే నవ్వేవోళ్లు. ఆరో తరగతంతా వెనక బెంచీలో నోరు విప్పనోళ్లు మాలో ఉన్నారు. 2004 తర్వాత చిన్న తరగతులకి సవర వాచకాలొచ్చాయి గానీ, హైస్కూల్ గుమ్మం దగ్గరే మన భాష ఆగిపోతోంది.

ఈ ఆగస్టు 29న ప్రతి హాస్టల్లో ఒక్కరైనా సవరలో మాట్లాడండి. మీ ఊరి బడి సంగతి సవరలో రాసి ఇక్కడ పెట్టండి. తెలుగు లిపిలో రాసినా పర్లేదు.