రాయి ఉన్నచోటే ఖనిజ పరీక్ష

మీ చేతిలో రెండు తెల్లని రాళ్లు ఉన్నాయనుకోండి. ఒకటి కాల్సైట్, మరొకటి అరగొనైట్. రెండూ కాల్షియం కార్బొనేటే. ఆమ్లపు చుక్క వేస్తే రెండూ బుసబుస పొంగుతాయి. తేడా అంతా పరమాణువుల అమరికలో ఉంది. దాన్ని కొండమీదే తెలుసుకోవడం ఎలా?

18వ శతాబ్దంలో స్వీడన్ ఖనిజ శాస్త్రజ్ఞుల సంచిలో ఊదుగొట్టం ఉండేది. మన కంసాలి వాడేటటువంటిదే. రాతిపొడిని బొగ్గు మీద పెట్టి మంటను ఊదేవారు. వెలిగారం పూసలో కరిగిస్తే కోబాల్ట్ నీలిరంగు చూపుతుంది. 1859-60లో హైడెల్‌బర్గ్‌లో బున్సెన్, కిర్కాఫ్‌లు మంట వెలుగును పట్టకంతో విడదీసి, ప్రతి మూలకానికీ తనవైన గీతలున్నాయని చూపారు. కొద్ది ఏళ్లకే వర్ణపటదర్శిని మన గుంటూరుకు వచ్చింది. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని జాన్సెన్ దానితో అక్కడి నుంచే పరిశీలించాడు. ఆ ఏడాదే సూర్యుడిలో గుర్తించిన కొత్త పసుపు గీత, 1895లో రామ్సే పరీక్షించిన క్లీవైట్ అనే యురేనియం ఖనిజం విడిచిన వాయువులోనూ కనిపించింది. అదే హీలియం.

1928 ఫిబ్రవరి 28న కలకత్తాలో, విశాఖపట్నంలో చదువుకున్న సి.వి. రామన్ తన పేరిట నిలిచిన ఫలితాన్ని చూసింది జేబులో పట్టే వర్ణపటదర్శినితోనే. విచిత్రం ఏమిటంటే, అంత చిన్న పరికరంతో దొరికిన విద్య ఆ తర్వాత దశాబ్దాలపాటు చీకటి గదికే పరిమితమైంది. రామన్ కాంతి అతి బలహీనం. పాదరసపు దీపం వెలిగించి, ఫొటో పలక మీద గంటల తరబడి పట్టవలసి వచ్చేది. 1960లో లేజర్ వచ్చింది. తర్వాత సున్నితమైన సీసీడీ గ్రాహకాలు వచ్చాయి. 2000 తర్వాతి దశకంలో రామన్ పరికరం చేతిలో ఇమిడింది. ఇక మన రెండు రాళ్ల సంగతి: రెండూ 1085 తరంగసంఖ్య వద్ద బలమైన గీత ఇస్తాయి. కానీ కాల్సైట్ 712 దగ్గర, అరగొనైట్ 705 దగ్గర మరో గీత చూపుతాయి. మంగంపేట బెరైటీస్‌కైతే 988 దగ్గరి గీత గుర్తు.

ఎక్స్ కిరణాల పరికరం దారి వేరు. 1913లో మోస్లే కనుగొన్న సూత్రం ప్రకారం అది మూలకాలను చెబుతుంది, ఖనిజాన్ని చెప్పదు. పైగా తేలిక మూలకాలు దానికి కనబడవు. నెల్లూరు అభ్రకం ప్రాంతపు బెరిల్‌ను దాని ముందు పెట్టండి: అల్యూమినియం, సిలికాన్ అంటుంది, బెరీలియం ఊసే ఎత్తదు. అణుపరిశ్రమకు కావలసింది ఆ బెరీలియమే! పరికరాన్ని నమ్మి ఆ రాయిని పారేస్తే నష్టం ఎవరిది? లేజర్ మెరుపుతో రాతిని ఆవిరిచేసి, ఆ వెలుగును చదివే పద్ధతికి బెరీలియం, లిథియం కూడా దొరుకుతాయి. 2023 ఆగస్టులో చంద్రుడిపై ప్రజ్ఞాన్ గంధకాన్ని గుర్తించినది ఇటువంటి పరికరంతోనే.

ఏ పరికరమైనా చూసేది రాతి పైపొరనే. కాబట్టి ముందు సుత్తితో కొట్టి, వాతావరణం తాకని తాజా ముఖాన్ని బయటపెట్టండి. రామన్ పరికరంలో గీతలు ప్రతిదీప్తి వెలుగులో మునిగిపోతే చోటు మార్చి చూడండి. అప్పటికీ తేలకపోతే, నమూనాకు సంఖ్య వేసి సంచిలో కట్టి ప్రయోగశాలకు పంపండి.