మహమ్మారి వేళ దక్షిణపు దారి

కర్నూలు వద్ద తుంగభద్రను దాటి, బేతంచర్ల, బనగానపల్లె, కోయిలకుంట్లల మీదుగా కడప సీమకు సాగే దారి మా ప్రాంతం వారికి చిరపరిచితం. జీవనోపాధికై హైదరాబాదు చేరిన మన పిల్లలలో ఎందరో సంక్రాంతికి ఇల్లు చేరేది ఈ దారినే. 2020-21 హేమంతంలో మాత్రం వారి రాకకై ఎదురుచూసిన కన్నులలో సంతోషంతో పాటు శంక కూడా మెదిలింది.

2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ అమలైన నాటి నుండి ఆగిపోయిన అంతర్రాష్ట్ర బస్సులు, రెండు తెలుగు రాష్ట్రాల ఆర్టీసీల మధ్య నవంబరు 2న ఒప్పందం కుదిరిన పిమ్మట కదిలాయి. నవంబరు 20న తుంగభద్ర పుష్కరాలు ఆరంభమయ్యాయి. పన్నెండేండ్లకు ఒకసారి వచ్చే పర్వమైనా, నదిలో మునకలు వద్దని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ముందే ప్రకటించింది. ఏటి ఒడ్డున నిలిచి ఏటిలో మునగరాదన్నది మనవారికి ఎంత కఠినమైన నియమమో వేరుగా చెప్పనక్కరలేదు.

ఈ సీమకు ఇటువంటి పరీక్ష కొత్త కాదు. 1817లో వంగదేశంలో చెలరేగిన కలరా సైన్యాల వెంట, యాత్రికుల వెంట దేశమంతా తిరిగింది. 1800లో నిజాము వదలుకొన్న దత్తమండలాలకు 1807 వరకు ప్రధాన కలెక్టరుగా ఉండి, 1820లో మద్రాసు గవర్నరైన సర్ థామస్ మన్రో, స్వదేశానికి మరలే ముందు ఇక్కడి ప్రజల వద్ద సెలవు తీసుకోవాలని 1827 వేసవిలో బయలుదేరాడు. కలరా ఉన్నదని తెలిసినా ప్రయాణం మానలేదు. గుత్తి దాటి పత్తికొండ చేరేసరికి వ్యాధి ఆయనను పట్టుకొంది. జూలై 6 రాత్రి అక్కడే కన్నుమూశాడు. గుత్తిలో ఖననం చేసి, 1831లో అస్థికలను మద్రాసు కోటలోని చర్చికి తరలించారు. తమ బిడ్డలకు 'మన్రోలప్ప' అని పేరు పెట్టుకొన్న సీమ ఇది.

ఆయన స్మృత్యర్థం పత్తికొండలో ఒక తోపు వేయించి, బావి తవ్వించారు. కరవు సీమలో నీటికి మించిన దానమేది? అయితే కలరా మలిన జలం ద్వారానే సోకుతుందని ఆనాడు ఎవరికీ తెలియదు. లండనులో జాన్ స్నో ఆ సంగతి నిరూపించడానికి 1854 దాకా ఆగవలసి వచ్చింది. మృత్యువు ఏ వాకిట వచ్చిందో ఎరుగక, ఆ వాకిటనే దీపం పెట్టారు మన పెద్దలు.

మన కాలపు కథ వేరు. 2020లో వైరసు ఊపిరి వెంట వస్తుందని బడిపిల్లలకు కూడా తెలుసు. బనగానపల్లె రవ్వలకొండలో కాలజ్ఞానం రచించాడని ప్రతీతి గల వీరబ్రహ్మంగారు ఈ రోగాన్ని ముందే చెప్పారని ఎందరో చెప్పుకొన్నారు. ముందే చెప్పారని మురిసినంత మాత్రాన అవ్వాతాతలకు రక్ష కలుగదు కదా! ఆ సంక్రాంతి జనవరి 14న; టీకాలు మొదలైనది 16న, అదీ తొలుత వైద్య సిబ్బందికే. ఆ పండుగకు పెద్దలకు ఉన్న రక్ష పిల్లల మూతిగుడ్డ, వారు పాటించిన ఎడమే.

మన్రోను దారి పట్టించినది అభిమానం. మన పిల్లలను పట్టించినదీ అదే. ఆయనకు లేనిదీ వారికి ఉన్నదీ ఒక్కటే, తెలివిడి. అభిమానానికి తెలివిడి తోడైతే గడప బయట నిలిచి చేసిన నమస్కారం కూడా కౌగిలింతకు సాటి అవుతుంది.