'టార్క్వాటస్': కంఠాభరణం నుండి జాతినామానికి

పక్షుల మెడపై పట్టీవలె కనిపించే రంగుగుర్తును సూచించే లాటిన్ విశేషణం 'టార్క్వాటస్'. మెలిపెట్టడమనే అర్థంగల 'టార్క్వేరే' క్రియ నుండి 'టార్క్వెస్', అనగా మెలితిప్పిన లోహపు కంటె, ఏర్పడింది. కంటె ధరించినవాడు టార్క్వాటస్. సంప్రదాయ కాలగణన ప్రకారం క్రీ.పూ. 361లో టైటస్ మాన్లియస్ ద్వంద్వయుద్ధంలో గాల్ వీరుని చంపి, అతని కంటెను తాను ధరించి ఈ బిరుదు పొందాడని రోమన్ చరిత్రకారుడు లివీ కథనం. 1758లో లిన్నేయస్ రొమ్ముపై తెల్లని నెలవంక గల ఐరోపా పక్షికి 'టర్డస్ టార్క్వాటస్' అని నామకరణం చేశాడు. యుద్ధంలో గెలుచుకున్న నగ పేరు ఈ విధంగా శాస్త్ర పరిభాషలో చేరింది. దీనిని తెలుగులో 'మెడమచ్చ' అంటే ఆకారమూ, ఆభరణభావనా రెండూ లోపిస్తాయి. మెడను చుట్టే నగకు 'కంటె' అనే పదం వాడుకలో ఉన్నందున, ఆ గుర్తును 'కంటె' అనడమే మూలార్థానికి సన్నిహితం.